ఉద్యోగంలో టెన్షన్: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

పదవి పెరిగితే టెన్షన్ పెరుగుతుందని, గుండెపోటు పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్ల జబ్బని చాలాకాలం జనం నమ్మారు. డాక్టర్లూ నమ్మారు. వందమంది మీద అజమాయిషీ చేసే మనిషికి బీపీ రాక మరేమొస్తుంది, చెప్పిన పని చేసి సాయంత్రానికి ఇంటికెళ్లిపోయే గుమాస్తాకు ఏం దిగులు అని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లెక్కలు తీసి చూస్తే వ్యవహారం తలకిందులుగా కనిపించింది.

ఆ లెక్కలు లండన్‌లో తేలాయి. బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే సుమారు 18 వేల మంది మగ ఉద్యోగుల ఆరోగ్యాన్ని 1967 నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనం అది. ఆ కార్యాలయాలున్న వీధి పేరే దానికీ వచ్చింది: వైట్‌హాల్. గుండె జబ్బుతో చనిపోయే రేటు పైస్థాయి అధికారుల్లో కన్నా అట్టడుగు గ్రేడులో మూడు రెట్లకు పైగా ఉంది. అలాగని అడుగునున్నవాళ్లు తిండికి లేనివాళ్లేం కారు. స్థిరమైన ఉద్యోగం, నీడపట్టున పని, అందరికీ ఒకే ప్రభుత్వ వైద్యం. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడాలో ఎక్కువ భాగం అలాగే మిగిలిపోయింది. పైగా ఆ తేడా కొసకూ కొసకూ మధ్యే లేదు. మెట్టు దిగినకొద్దీ ప్రమాదం పెరుగుతూ పోయింది.

మరి మిగిలిన ఆ తేడా ఎక్కడిది? వైద్య పరిశోధకుడు మైకేల్ మార్మట్ బృందం 1985–88 మధ్య అదే అధ్యయనానికి రెండో విడత మొదలుపెట్టింది. ఈసారి 35 నుంచి 55 ఏళ్ల వయసున్న 10,308 మందిని, ఆడవాళ్లను కూడా కలుపుకుని, వాళ్ల పని గురించి అడిగింది. ఏ పని ముందు చేయాలో, ఎలా చేయాలో, ఎంత వేగంతో చేయాలో తేల్చుకునే వీలు మీకుందా అని. మూడేళ్ల ఎడంతో రెండుసార్లు అడిగినప్పుడూ ‘లేదు’ అన్నవాళ్లకు గుండె జబ్బు వచ్చే అవకాశం రెండుసార్లూ ‘ఉంది’ అన్నవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపని 1997లో ప్రచురించిన ఫలితాల్లో తేలింది. ప్రతిదానికీ సణిగే స్వభావం ఉన్నవాళ్లే అలా జవాబిచ్చి ఉండొచ్చుగా అనే అనుమానం ఎవరికైనా వస్తుంది. పరిశోధకులకూ వచ్చింది. అందుకే ఆ ఉద్యోగాల్లో స్వేచ్ఛ ఎంతో సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారుల చేత విడిగా అంచనా వేయించారు. ఆ అంచనాతో చూసినా ఫలితం అటే మొగ్గింది.

2012లో అమెరికాలో మరో కోణం బయటపడింది. సైన్యంలోనూ ప్రభుత్వంలోనూ పదవుల్లో ఉన్నవాళ్లను పరీక్షిస్తే, కింద మనుషులూ చేతిలో అధికారమూ ఎక్కువున్నవాళ్లలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్, ఆందోళన రెండూ తక్కువగా ఉన్నాయి. వాళ్లకు పని తక్కువై కాదు. పరిస్థితి తమ అదుపులో ఉందన్న భావనే ఆ తేడాలో చాలా భాగాన్ని వివరించింది.

పెద్ద పదవే పెద్ద రోగమన్న నమ్మకానికి ఒకప్పుడు శాస్త్రం అండ కూడా దొరికింది. ఆ కథ కాస్త వివరంగా చెప్పుకోదగ్గది. 1958లో అమెరికన్ మనస్తత్వవేత్త జోసెఫ్ బ్రేడీ కోతులను జతలుజతలుగా కూర్చోబెట్టి కరెంటు షాకులిచ్చే ప్రయోగం చేశాడు. జతలో ఒక కోతి మీట నొక్కుతూ ఉంటే షాకు ఇద్దరికీ తప్పుతుంది. రెండోదానికి చేయడానికేమీ లేదు, మొదటిదాని అదృష్టమే దాని అదృష్టం. మీట చేతిలో ఉన్న కోతులకు ‘ఎగ్జిక్యూటివ్ కోతులు’ అని పేరొచ్చింది. అల్సర్లు వచ్చి చచ్చిపోయింది అవే. బాధ్యత మనిషిని తినేస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలని పత్రికలు రాసేశాయి. కానీ ఆ ప్రయోగంలో ఒక లొసుగుంది. ముందే పరీక్ష పెట్టి, మీటను చకచకా నొక్కే కోతులనే ఏరి ఎగ్జిక్యూటివ్ కుర్చీలో కూర్చోబెట్టారు. అంటే అసలే ఎక్కువ కంగారుపడే రకాన్ని ఒక పక్కకు చేర్చి, ఆ పక్కకే జబ్బొచ్చిందని ఆశ్చర్యపోయారన్నమాట.

కొన్నేళ్ల తర్వాత జే వైస్ అనే మరో మనస్తత్వవేత్త ఎలుకలను చీటీ వేసినట్టుగా ఏ ఎంపికా లేకుండా విడదీసి మళ్లీ చేశాడు. చక్రం తిప్పి షాకు ఆపగలిగే ఎలుక ఒకటి, సరిగ్గా అన్నే షాకులు తింటూ ఏమీ చేయలేనిది మరొకటి. ఈసారి ఏమీ చేయలేనిదానికే పుండ్లు చాలా ఎక్కువ. ఇద్దరికీ తగిలిన దెబ్బ ఒకటే, తేడా అంతా చక్రం దగ్గరే. అయితే వైస్ అక్కడితో ఆగలేదు. 1971లో అమరిక మార్చాడు. చక్రం తిప్పితే తిప్పినందుకే ఒక షాకు తగిలేలా చేశాడు. అప్పుడు చక్రం చేతిలో ఉన్న ఎలుకే ఎక్కువ చెడిపోయింది. దీన్నుంచి అతను తేల్చిన సూత్రం సూటిగా ఉంటుంది: ప్రయత్నాలు పెరిగేకొద్దీ హాని పెరుగుతుంది, ‘చేసింది పనిచేసింది’ అన్న కబురు వెనక్కి వచ్చేకొద్దీ హాని తగ్గుతుంది. బ్రేడీ కోతుల సంగతి కూడా ఈ సూత్రంతో అర్థమవుతుంది. మీట తెగ నొక్కాయి. ఫలితం దక్కిందో లేదో చెప్పే ఆనవాలు వాటికి లేదు.

ఉద్యోగ ఒత్తిడి గురించి జరిగే చర్చల్లో తరచూ జారిపోయేది ఈ రెండో ముక్కే. స్వేచ్ఛ ఇవ్వాలి, అధికారం ఇవ్వాలి అంటారు. ఆ అధికారం ఎక్కడికి కనెక్ట్ అయి ఉందో చూడరు.

పని భారాన్నీ పని మీద పట్టునూ ఒకే పటం మీద పెట్టి చూపించింది రాబర్ట్ కారసెక్ అనే సామాజిక పరిశోధకుడు. 1979లో అమెరికా, స్వీడన్ కార్మికుల సర్వేలను ఆధారం చేసుకుని, ఒత్తిడిని భారంతో మాత్రమే కొలవడం తప్పన్నాడు. భారం ఎక్కువ, నిర్ణయాధికారం తక్కువ అయిన ఉద్యోగాల్లోనే నిద్రలేమి, అలసట, దిగులు గుట్టగా పేరుకున్నాయి. భారం అంతే ఉన్నా నిర్ణయాధికారమూ ఉన్నచోట మనిషి అలసిపోతాడు కానీ అరిగిపోడు. పైగా కొత్తవి నేర్చుకుంటాడు. అతని పటంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మూల ఇంకొకటుంది: భారమూ తక్కువే, నిర్ణయమూ తక్కువే. చూసేవాళ్లకు హాయైన ఉద్యోగం. ఏళ్ల తరబడి అక్కడ కూర్చున్న మనిషికి ఉన్న నైపుణ్యం కూడా తుప్పుపడుతుంది, ఆఫీసు బయట కూడా చొరవ తగ్గిపోతుంది అన్నాడు కారసెక్. తోటివాళ్ల తోడ్పాటు కూడా లేకపోతే పరిస్థితి మరీ విషమిస్తుందని 1988లో జెఫ్రీ జాన్సన్, ఎలెన్ హాల్ స్వీడన్ కార్మికుల లెక్కలతో చూపించారు.

పట్టు అన్నది ఒంట్లో ఏం చేస్తుంది? ఒత్తిడి వచ్చినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ ఎగబాకడంలో తప్పేమీ లేదు, శరీరం అందుకే తయారై ఉంది. ఎగబాకినవి దిగకపోవడమే జబ్బు. పని తేలిపోతే దిగుతాయి. తేలే దారి తన చేతిలో లేనప్పుడు మనసు దాన్ని ఇంటికి మోసుకొస్తుంది, రాత్రి రెండింటికి పైకప్పు చూస్తూ మళ్లీ మొదటినుంచి నడిపిస్తుంది. మెదడు స్థాయిలో ఇంకో విచిత్రముంది. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాల తర్వాత, ఎంత చేసినా లాభం లేదని తెలిసిన జీవి నిస్సహాయతను ‘నేర్చుకుంటుంది’ అని పాఠ్యపుస్తకాలు చెప్పాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే ఆ మాట తిరగరాశారు. ఎడతెగని బాధ ముందు చతికిలబడటం మెదడుకు పుట్టుకతోనే ఉన్న స్పందన, నేర్చుకునేది దాన్ని కాదు, పరిస్థితి తన చేతిలో ఉందన్న సంగతినే. నుదుటి వెనకనుండే మెదడు భాగం ఆ సంగతి పసిగట్టి, చతికిలబడేలా చేసే లోపలి కేంద్రాన్ని అణచిపెడుతుంది. పట్టు ఉందని ఒకసారి తెలుసుకున్న జీవి తర్వాతి కష్టానికీ తొందరగా లొంగదు.

ఆ పట్టును వాడనక్కర్లేదు కూడా. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ చేసిన ప్రయోగాల్లో మనుషులకు పని అప్పగించి, మధ్యమధ్యలో చెవులు చిల్లులుపడే రొద వినిపించేవారు. ఇద్దరు స్పానిష్‌లో, ఒకరు ఆర్మేనియన్‌లో మాట్లాడుకోవడం, టైప్‌రైటర్, లెక్కల యంత్రం, కాపీలు తీసే యంత్రం, అన్నీ ఒకదాని మీద ఒకటి. కొందరికి ఒక బటన్ చూపించి, భరించలేకపోతే నొక్కండి, వీలైతే నొక్కకండి అన్నారు. చాలామంది నొక్కనే లేదు. అయినా ఆ తర్వాత ఇచ్చిన చిక్కు ప్రశ్నలతో బటన్ లేనివాళ్లకన్నా ఎంతో ఓపిగ్గా కుస్తీపట్టారు, ప్రూఫులు దిద్దడంలో తక్కువ తప్పులు చేశారు. సెలవు అడిగితే దొరుకుతుందని తెలిసిన ఉద్యోగి సెలవు పెట్టకుండానే ఎందుకు కుదురుగా ఉంటాడో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇదంతా ఒక కాల్ సెంటర్ సీట్లో ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి. డబ్బు రెండుసార్లు కట్ అయిందని కస్టమర్ ఫోన్ చేస్తాడు. ఆ సీట్లోని ఉద్యోగికి సమస్య అర కాల్‌లోనే అర్థమైపోతుంది, ఇలాంటివి వందలు చూసిన అనుభవం. రెండో మొత్తాన్ని వెనక్కి పంపితే చాలు. ఆ బటన్ తన స్క్రీన్ మీద లేదు. అది సూపర్‌వైజర్ స్క్రీన్ మీదుంది, సూపర్‌వైజర్ ఇంకో కాల్‌లో ఉన్నాడు. స్క్రిప్ట్ ప్రకారం క్షమాపణ చెప్పాలి, పేరు పెట్టి పిలవాలి, ఇంకేమైనా సాయం కావాలా అని అడగాలి. అసలు సాయమే చేయలేదు కదా అని అవతలి గొంతు లేస్తుంది. మూల మీద టైమర్ పచ్చ నుంచి ఎరుపుకు మారుతుంది. కాల్ ముగిసిన వెంటనే కస్టమర్ మార్కులు వేస్తాడు, ఆ మార్కులు ఈ ఉద్యోగి ఖాతాలో పడతాయి. నోట్స్ రాసుకోవడానికి కొన్ని సెకన్లు, ఆలోపే తర్వాతి కాల్. బాత్రూమ్‌కు లేస్తే స్టేటస్ మార్చి లేవాలి, ఎన్ని నిమిషాలో లెక్క ఉంటుంది.

ఈ ఉద్యోగం కష్టమైంది ఎందుకని అడిగితే కాల్స్ ఎక్కువని చెప్తారు. కాల్స్ సగానికి తగ్గించినా ఆ కస్టమర్‌కు డబ్బు వెనక్కి పంపే బటన్ రాదు. పరిష్కారం తెలుసు, చేయి అందదు, మార్కు మాత్రం తనకే. వైస్ రెండో ప్రయోగంలోని చక్రం ఇక్కడ అచ్చంగా ఉంది.

పైస్థాయిలో దీనికి జంట రూపం ఉంది. బాధ్యత ఇస్తారు, అధికారం ఇవ్వరు. ‘ఈ ప్రాజెక్టు పూర్తిగా నీదే’ అంటారు. గడువు ఎవరో పెట్టేశారు, మనుషులను ఎవరో ఇచ్చారు, బడ్జెట్ ఎవరో కోశారు, క్లయింటుకు ఏం మాటిచ్చారో మీటింగ్ అయిపోయాక తెలుస్తుంది. తేడా వస్తే మాత్రం సంతకం తనది. మధ్యస్థాయి మేనేజర్లు అడకత్తెరలో పోకచెక్కలా నలగడం ఇందుకే. కిందివాళ్లకు అధికారిలా కనిపిస్తారు, పైవాళ్లకు అమలు చేసే చేతుల్లా కనిపిస్తారు. యాజమాన్యాలు ‘సాధికారత’ అని ముచ్చటగా పిలిచేదాంట్లో చాలావరకు నెపాన్ని కిందికి దించే ఏర్పాటే. మీట నొక్కే పని అప్పగించి తీగ కత్తిరించడం లాంటిది.

ఇంకో నకిలీ సరుకు కూడా ఉంది, అది మరీ ఆకర్షణీయమైనది. ఎక్కడినుంచైనా, ఎప్పుడైనా పనిచేసుకో అనే స్వేచ్ఛ. మెలిస్సా మజ్మానియన్, వాండా ఓర్లికోవ్‌స్కీ, జోఆన్ యేట్స్ 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఫోన్లో ఈమెయిల్ చూసుకునే వృత్తి నిపుణులు దాన్ని తమ స్వేచ్ఛకు గుర్తుగానే చెప్పుకున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు, తామే చూసుకుంటున్నామన్నారు. అందరూ అలా చూసుకోవడంతో వెంటనే జవాబివ్వడం రివాజైంది, ఆపై ఎవరికీ ఫోన్ పక్కన పెట్టే వీల్లేకపోయింది. ఒక్కొక్కరి స్వేచ్ఛ కలిసి అందరి మెడకూ చుట్టుకుంది. యాప్ ద్వారా బండి నడిపేవాళ్లకూ ఇదే వరస. ఎప్పుడు లాగిన్ కావాలో వాళ్లిష్టం. రేటు, రూటు, ఎవరికి ఏ ఆర్డర్ వెళ్లాలి అనేవి వాళ్ల చేతిలో లేవు. ఏ లెక్కన నిర్ణయమవుతున్నాయో కూడా తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. పని మీద పట్టు సర్వరోగ నివారిణి ఏమీ కాదు. యూరప్‌లోని 13 అధ్యయనాల్లో పాల్గొన్న దాదాపు రెండు లక్షల మంది వివరాలను కలిపి 2012లో మికా కివిమాకి బృందం చూసినప్పుడు, ఎక్కువ భారం–తక్కువ పట్టు ఉన్న ఉద్యోగుల్లో గుండె జబ్బు ప్రమాదం 23 శాతమే అధికంగా తేలింది. మొత్తం గుండె జబ్బుల్లో ఈ కారణానికి ఆపాదించగలిగింది 3.4 శాతం. పొగతాగడంతో పోలిస్తే చిన్న సంఖ్య. వైట్‌హాల్ అంకెలు చూసి ఉద్యోగమే గుండెను ఆపేస్తుందనుకోవడం అతిశయోక్తి అవుతుంది. పని గంటలు మరీ మితిమీరితే ఏ పట్టూ కాపాడలేదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లలో పక్షవాతం ప్రమాదం 35 శాతం, గుండె జబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కకట్టాయి. పోల్చింది 35–40 గంటలు పనిచేసేవాళ్లతో. సొంత వ్యాపారం, సొంత నిర్ణయం అని పదిహేను గంటలు కూర్చునేవాళ్లకు ఈ అంకెలు మినహాయింపు ఇవ్వవు. స్వేచ్ఛకూ మోతాదు ఉంటుందని మనస్తత్వవేత్త పీటర్ వార్ 1987లోనే విటమిన్లతో పోల్చి చెప్పాడు. కొన్ని ఎంత ఎక్కువైనా హాని చేయవు, కొన్ని మితి దాటితే వికటిస్తాయి, నిర్ణయాధికారం రెండో రకం. ఏం చేయాలో ఎవరూ చెప్పని ఉద్యోగంలో మొదటి నెల గడిపిన ఏ కొత్తవాడికైనా ఈ సంగతి తెలుసు.

ఇంత మాత్రాన మార్చగలిగింది తక్కువేం కాదు. చేయవలసినవి చాలావరకు చిన్నవి కూడా. పెద్ద పాలసీల్లో గొంతు కన్నా, రోజువారీ పనిలో వరుస, వేగం, విరామం ఎవరి చేతిలో ఉన్నాయన్నది ఒంటికి ముందు తెలుస్తుంది. షిఫ్టులనే తీసుకోండి. రేపటి డ్యూటీ ఈ రాత్రి మెసేజ్‌లో తెలిసే ఉద్యోగంలో పిల్లల బడీ, డాక్టరు అపాయింట్‌మెంటూ, నిద్రా ఏవీ కుదుటపడవు. అమెరికాలోని సియాటెల్ నగరం పెద్ద రిటైల్, ఫుడ్ సంస్థలు డ్యూటీ చార్టు 14 రోజుల ముందే ఇవ్వాలని చట్టం చేసి 2017 నుంచి అమల్లోకి తెచ్చింది. ఆ తర్వాత అక్కడి కార్మికులు మునుపటికన్నా బాగా నిద్రపోతున్నారని, సంతోషంగా ఉన్నారని డేనియల్ ష్నైడర్, క్రిస్టెన్ హార్క్‌నెట్ బృందం 2021లో నివేదించింది. చట్టం షిఫ్టును పూర్తిగా వాళ్ల ఇష్టానికేమీ వదల్లేదు, ప్రధానంగా ముందుగా తెలిసేలా చేసింది. వైస్ ఎలుకల్లో కూడా షాకుకు ముందు హెచ్చరిక శబ్దం వినిపించినవాటికి పుండ్లు తక్కువే వచ్చాయి.

కర్మాగారంలోనూ ఇలాంటివి ఉన్నాయి. 1911 నాటికే అమెరికన్ ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్ ఆలోచించేవాళ్లు వేరు, చేసేవాళ్లు వేరు అని గీత గీశాడు, ప్రతి కదలికకూ స్టాప్‌వాచ్ పట్టాడు. టయోటా అసెంబ్లీ లైన్లో ఒక తాడు ఆ గీతను కొంత చెరిపింది. లోపం కనబడ్డ కార్మికుడు తాడు లాగుతాడు, లీడర్ వస్తాడు, అక్కడికక్కడ తేలకపోతే లైనే ఆగుతుంది. లాగినవాడికి తన మాట చెల్లిందని వెంటనే తెలుస్తుంది. లాగినందుకు తిట్లు పడే ఫ్యాక్టరీలో అదే తాడు వేలాడుతూ ఉంటుంది తప్ప ఎవరూ ముట్టుకోరు.

పట్టు ఒక్కొక్కరికి విడివిడిగానే దక్కాలని కూడా లేదు. 1951లో ఎరిక్ ట్రిస్ట్, ఒకప్పుడు గనిలో పనిచేసిన కెన్ బామ్‌ఫోర్త్ కలిసి బ్రిటన్ బొగ్గు గనుల గురించి రాశారు. యంత్రాలు రాకముందు చిన్న జట్లు తవ్వకం నుంచి తరలింపు దాకా తామే చూసుకునేవి. యంత్రాలతోపాటు పనిని ముక్కలు చేసి షిఫ్టుకొక ముక్క పంచారు. ఎవరి తప్పు ఎవరి నెత్తిన పడుతుందో తెలియని స్థితి వచ్చింది, గైర్హాజరీలు పెరిగాయి, ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయింది. యంత్రాలుంచుకునే పనిని మళ్లీ జట్లకు అప్పగించినచోట ఆ ఇబ్బందులు తగ్గాయి.

ఆఫీసుల విషయానికొస్తే, 2001లో ఫ్రాంక్ బాండ్, డేవిడ్ బన్స్ ఒక బ్రిటిష్ ప్రభుత్వ శాఖలో చిన్న ప్రయోగం చేశారు. పని ఎలా సర్దుకోవాలో ఉద్యోగుల కమిటీయే తేల్చింది. ఏడాదికల్లా మానసిక ఆరోగ్యం మెరుగైంది, జబ్బు సెలవులు తగ్గాయి. పని మీద పట్టు పెరగడం వల్లే ఈ మార్పు వచ్చిందని విశ్లేషణలో తేలింది. ఊపిరి మీద ధ్యాస పెట్టండి, ఒత్తిడిని తట్టుకోవడం నేర్చుకోండి అని ఉద్యోగులకు వర్క్‌షాపులు పెట్టే సంస్థలకు ఇది అంత రుచించే సంగతి కాదు. వర్క్‌షాపుకు ఒక మధ్యాహ్నం ఇస్తే సరిపోతుంది, దీనికి ఎవరో ఒకరు తమ అధికారంలో కొంత వదులుకోవాలి.

అమెరికాలో ఎరిన్ కెల్లీ, ఫిలిస్ మోయెన్ ఇంతకన్నా పెద్ద ఎత్తున ప్రయత్నించారు. ఒక భారీ కంపెనీ ఐటీ విభాగంలో కొన్ని టీములను లాటరీ పద్ధతిలో ఎంచి, ఎప్పుడు ఎక్కడ పనిచేయాలో, ఏ మీటింగులు అనవసరమో టీమే కూర్చుని తేల్చుకునేలా మార్చారు. మేనేజర్లకూ శిక్షణ ఇచ్చారు. ఒకరొకరుగా వెళ్లి మినహాయింపు అడుక్కునే పద్ధతి పోయి, టీమంతటికీ ఒకే ఏర్పాటు అయింది. ఫోన్ల విషయంలో మజ్మానియన్ బృందం చూసిన ఉచ్చు నుంచి బయటపడటానికి అదొక దారి. పాత పద్ధతిలోనే ఉన్న టీములతో పోలిస్తే అలసట తగ్గింది, సంతృప్తి పెరిగింది, తర్వాతి ఏళ్లలో ఉద్యోగం మానేసినవాళ్లూ తక్కువే. ఇంతలో ఆ కంపెనీ మరో కంపెనీతో విలీనమైంది. కొత్తగా వచ్చిన పైవాళ్లకు ఈ ఏర్పాటు నచ్చలేదు, ఎత్తేశారు. ఆ నిర్ణయంలో టీములను ఎవరూ అడగలేదు.